దీపానికి అడ్డం పెట్టిన చెయ్యి

చిక్కడపల్లి, హైదరాబాద్

అమ్మాయ్,

నీ కథ అందింది. పదకొండు పేజీలు, చేతిరాత. ఈ రోజుల్లో చేత్తో రాసి పంపేవాళ్ళు ఉన్నారంటేనే సగం మార్కులు వేసేయాలనిపించింది. వేయలేదు. రెండుసార్లు చదివాను. రెండోసారి మా సెంట్రల్ లైబ్రరీలో, గ్రూప్స్‌కి చదువుకునే పిల్లల మధ్య కూర్చుని.

ముందు బాగోలేనిది చెప్తాను. చివరి రెండు పేజీలు తీసెయ్. నీ శ్రీలక్ష్మి అమీర్‌పేట హాస్టల్ డాబా ఎక్కి, దేవుడు ఎందుకు లేడో రూమ్మేట్‌కి వివరిస్తుంది. అవి ఆమె మాటలు కావు, నీవి. నిజం చెప్పాలంటే నీవి కూడా కావు, ఎక్కడో చదివినవి. రూమ్మేట్ ఒక్కసారైనా అడ్డు తగలదు. రాత్రి పదకొండింటికి అంతసేపు నోరు మూసుకుని వినే రూమ్మేట్‌ని నేనైతే ఎక్కడా చూడలేదు.

ఇప్పుడు అయిదో పేజీ. లష్కర్ బోనాలు. అమ్మ నెత్తిన బోనం, పసుపు పూసిన కుండ, చుట్టూ వేపమండలు, పైన ప్రమిదలో దీపం. శ్రీలక్ష్మి ఇష్టం లేకుండానే పక్కన నడుస్తోంది. మహంకాళి గుడి దగ్గర లైను మలుపు తిరిగే చోట గాలి కొట్టింది. చటుక్కున చెయ్యెత్తి దీపానికి అడ్డం పెట్టింది. అంతే రాశావు. వెంటనే తీసుకెళ్ళి మెట్రో ఎక్కించేశావు! అక్కడ ఆగాల్సింది, అమ్మాయ్. నీ కథ అక్కడే ఉంది.

నమ్మకం ముందు మాటల్లోంచి పోతుంది. చేతుల్లోంచి పోవడానికి ఏళ్ళు పడుతుంది, కొందరికి అసలు పోనే పోదు. దేవుడు ఉన్నాడనీ లేడనీ వాదించే మాటలు పాఠకుల దగ్గర ఇప్పటికే బోలెడున్నాయి. నువ్వు చేతులు చూపించు.

నా సంగతి చెప్తాను. ఇరవై మూడేళ్ళప్పుడు నా మొదటి కథ ఓ వారపత్రికలో వచ్చింది. అందులో పూజారినీ దేవుణ్ణీ కలిపి చెరిగేశాను. పత్రిక పట్టుకుని ఇంటికి వెళ్తుంటే ఒకటే టెన్షన్, అమ్మ ఏమంటుందోనని. ఆమెకి కూడబలుక్కుంటే చదవడం వచ్చేది. నా పేరు మీద వేలు పెట్టి చదివింది. కథ జోలికి పోలేదు. పత్రిక నాలుగు మూలలా పసుపు రాసి, తీసుకెళ్ళి వెంకటేశ్వరస్వామి పటం ముందు పెట్టింది. దేవుడు లేడని రాసిన కథ మూడు రోజులు దేవుడి గూట్లో ఉంది. పసుపు మరకల కాపీ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. అప్పుడు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఈ సంగతి ముప్పై ఏళ్ళ దాకా రాయలేకపోయాను, ఎలా రాసినా అమ్మ అమాయకురాలిలా కనిపించేది. ఆమె అమాయకురాలు కాదు. నా కథలో ఏముందో పక్కింటివాళ్ళు అప్పటికే చెప్పేశారని తర్వాత తెలిసింది. నీ కథలో అమ్మని కూడా కాస్త చూసుకో. మూడో పేజీలో పిల్లి ఎదురు రావడం దగ్గర్నుంచి మంగళవారం గోళ్ళు తీయకూడదనే దాకా అన్నీ ఒకే ఊపిరిలో చెప్పించావు. పాపం, ఆవిడకి ఇంకో పని లేదా?

తర్వాత నలభైల్లో నా కూతురికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు 18 వేలకి పడ్డాయి. ఆ తెల్లారి స్కూటర్ మీద చిలుకూరు వెళ్ళాను. బాలాజీ గుడి. హుండీ ఉండదు. కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు, తీరాక వచ్చి 108. వీసాల కోసం వచ్చిన కుర్రాళ్ళు అంకెల కార్డు పట్టుకుని, చుట్టుకో టిక్కు పెట్టుకుంటూ దాదాపు పరుగెడుతున్నారు. వాళ్ళ మధ్యలో ఈ హేతువాది పదకొండూ తిరిగాడు. పిల్ల కోలుకుంది. డాక్టర్లూ సెలైన్లూ కారణమని నాకు తెలుసు. 108 మాత్రం తిరగలేదు. వెళ్తే నమ్మినట్టవుతుంది, మానేస్తే ఎగ్గొట్టినట్టుంటుంది. దేవుడున్నాడో లేడో ఇవాళ్టికీ తేల్చుకోలేదు గానీ, ఆయనకి 108 చుట్లు బాకీ ఉన్నానని తెలుసు. నా దేవుడు ప్రస్తుతానికి ఇంతే, గుమ్మంలోకొచ్చి బాకీ అడగని అప్పులవాడు. నీది ఇలాగే ఉండాలని లేదు.

పూర్తిగా వదిలేసినవాళ్ళ జీవితాలూ చూడు. గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. 1947లో అది విజయవాడకి మారింది. ఆయన వాదనల కన్నా కథకుడిగా నాకు ఎక్కువ పనికొచ్చినవి పిల్లల పేర్లు. 1930లో, ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో పుట్టిన కొడుక్కి లవణం అని పెట్టాడు. బళ్ళో ఆ పిల్లాణ్ణి ఎంతమంది 'ఇదేం పేరురా' అని అడిగి ఉంటారో ఊహించు. నువ్వేమో మీ అమ్మాయికి శ్రీలక్ష్మి అని పెట్టి, ఆ పేరు మీద ఆమెకి ఒక్క ఆలోచనా రానివ్వకుండా పదకొండు పేజీలు నడిపించావు.

2011 జనాభా లెక్కల్లో మతం చెప్పనివాళ్ళు దేశం మొత్తం మీద 28 లక్షల పైచిలుకు. మిగతా అందరూ నమ్మేవాళ్ళేనా? లెక్కలవాళ్ళు గుమ్మంలోకొస్తే ఇంట్లో ఒకరు జవాబు చెప్తారు, అందరికీ అదే రాసుకుపోతారు. శ్రీలక్ష్మి వాళ్ళ నాన్న చెప్తుంటే ఆమె వంటింట్లోంచి విందనుకో. ఏం చేస్తుంది? డాబా మీది ఉపన్యాసం బదులు ఇది ప్రయత్నించు.

వీలైతే గోల్కొండ కూడా వెళ్ళు, రామదాసుని పెట్టారని చెప్పే గది చూడు. ఆయన పాల్వంచ తహసీల్దారు. సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి తానీషా చెరలో పడ్డాడు. ఏ నగకి ఎంత పోశాడో రాముడికే లెక్క చెప్పాడు, తిట్టాడు, దెబ్బలకి తాళలేక తిట్టానని మళ్ళీ తానే బతిమాలాడు. కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకం నిండా నిందాస్తుతే, దేవుణ్ణి తిడుతున్నట్టే పొగడ్డం. దేవుడితో పోట్లాడ్డానికి మన భాషలో ఇంత పాత అలవాటుండగా, మీ అమ్మాయి 'శాస్త్రీయ దృక్పథం' అంటూ సంపాదకీయంలా మాట్లాడ్డం ఎందుకు? తిట్టమను. అలగమను. లేనివాడి మీద అలుగుతోందేమిటని పాఠకుడు అనుకుంటాడు, అనుకోనీ.

ఇంకొకటి, చెప్పాలా వద్దా అనుకున్నాను. ప్రతి పేజీ పైఅంచున పెన్సిల్‌తో శ్రీ అని రాసి, రబ్బరుతో చెరిపావు. కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంటే కనిపించింది, పదకొండింటి మీదా. దాని గురించి నేనేమీ అనను.

కాగితాలు రేపు పోస్టులో వేస్తున్నాను. అంచుల్లో నా గీతలు కొంచెం ఎక్కువే ఉన్నాయి, కంగారు పడకు. తిరగరాసే ముందు ఒక్క సంగతి తేల్చుకో. శ్రీలక్ష్మి దీపానికి చెయ్యి అడ్డం పెట్టినప్పుడు వాళ్ళమ్మ చూసిందా, లేదా? నువ్వు రాయలేదు.

ఆశీస్సులతో
మీ మాస్టారు