రోజూ తిరిగే పాత పెట్రోలు కారుకు ఈ20 పరవాలేదా?

మీది 2016 మోడల్ పెట్రోలు కారు, రోజూ హనుమకొండ నుంచి కాజీపేటకు ఆఫీసు ప్రయాణం, బంకుల్లో ఈ20 (20 శాతం ఇథనాల్ అనే ఆల్కహాల్ కలిపిన పెట్రోలు) తప్ప మరొకటి దొరకడం లేదు, ఇంజిను దెబ్బతింటుందా అని అడిగారు. నా కారుదీ ఇంచుమించు అదే వయసు, మనది ఒకే ఊరు. నేను చూసినంతవరకు రోజూ తిరిగే కారుకు ఈ పెట్రోలుతో పెద్ద ప్రమాదం లేదు. జేబుకు కొంత చిల్లు మాత్రం ఉంది. భయపడవలసింది నెలల తరబడి ఇంటి ముందు కదలకుండా నిలిచే కార్ల గురించి.

ముందు మైలేజీ. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి, లీటరు పెట్రోలులో ఉండే శక్తికి దాదాపు మూడింట రెండు వంతులే. ఆ లెక్కన 20 శాతం కలిపిన పెట్రోలులో ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. అయితే మనం స్వచ్ఛమైన పెట్రోలు నుంచి ఒక్కసారిగా ఈ20కి రాలేదు. 2022 జూన్ నాటికే దేశంలో సగటున 10 శాతం కలిసిపోయింది. పది నుంచి ఇరవైకి వచ్చినందువల్ల తగ్గే శక్తి సుమారు మూడున్నర శాతం. కరీంనగర్ దారిలో 18 ఇచ్చే నా కారు ఇప్పుడు 17 ఇస్తోంది. ఇందులో ఇథనాల్ వాటా ఎంతో, ఎల్కతుర్తి, హుజూరాబాద్ మీదుగా నాలుగు వరుసల రోడ్డు పనుల వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం. మైలేజీ ఇరవై శాతం పడిపోయిందనేవారు మాత్రం టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్, ఏసీ వాడకం ఒకసారి చూసుకోవాలి. తెరమీద కనిపించే అంకెను నమ్మకుండా, ట్యాంకు నిండా పోయించి, కొన్నాళ్లు నడిపి మళ్లీ నిండా పోయించి, నడిచిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి.

మీ కారులాగా ఇంధనాన్ని కంప్యూటర్ లెక్కతో చిమ్మే ఇంజెక్షన్ ఉన్న కార్లలో పొగ గొట్టం దగ్గరి ఆక్సిజన్ సెన్సర్ చూసి కంప్యూటర్ ఇంధనాన్ని కొద్దిగా పెంచుకుంటుంది. అందుకే మీ కారు ఈ20 కోసం తయారైనది కాకపోయినా మామూలుగానే నడుస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన కార్లలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు ఈ20ని తట్టుకునేలా పెట్టారు. అంతకు ముందు కార్లలో ట్యూబులు, గాస్కెట్లు (లీకు కాకుండా అతుకుల్లో పెట్టే పట్టీలు) కాలక్రమంలో ఉబ్బవచ్చు లేదా గట్టిపడి పగలవచ్చు. కొన్ని పాత వాహనాల్లో 20,000 నుంచి 30,000 కిలోమీటర్లు తిరిగాక కొన్ని రబ్బరు భాగాలు మార్చాల్సి రావచ్చని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖే చెప్పింది. సర్వీసుకు ఇచ్చినప్పుడు ఇంధన గొట్టాలు చూడమని ప్రత్యేకంగా అడగండి. అడగకపోతే చూడరు. బానెట్ దగ్గర పెట్రోలు వాసన వస్తే సర్వీసు తేదీ దాకా ఆగకండి.

అయితే ఈ20 పేరు చెప్పి బిల్లు పెంచేవారూ ఉన్నారు. నా కారు కొంచెం కుదుపుతోందని తీసుకెళితే ఒక సర్వీసు సెంటర్‌లో ఇంజెక్టర్లు నాలుగూ ఇథనాల్‌కు పోయాయి, అన్నీ మార్చాలి అన్నారు. ములుగు రోడ్డులో నాకు తెలిసిన మెకానిక్ వాటిని విప్పి శుభ్రం చేసి, ఫిల్టర్ మార్చాడు. కుదుపు పోయింది. పాత ట్యాంకులో పేరుకున్న మడ్డిని ఇథనాల్ కరిగించి వదిలిస్తుంది, అది వచ్చి ఫిల్టర్‌లో చేరుతుంది అని అతను చెప్పిన కారణం నాకు సబబుగానే తోచింది.

ఇక అసలైన శత్రువు నీరు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. కొద్దిపాటి నీరైతే పెట్రోలులో కలిసిపోయి ఇంజినులో ఆవిరైపోతుంది, అది మేలే. హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. పంపు లాగేది అడుగు నుంచే. మా వీధిలో ఒక పెద్దాయన కారు వానాకాలమంతా సగం ట్యాంకుతో నిలబడి ఉంది. పిల్లలు ఊరికి వచ్చిన రోజున అది స్టార్ట్ కాలేదు. ట్యాంకు దింపితే అడుగున వేరే పొర, పంపుకు తుప్పు. రోజూ తిరిగే మీ కారులో పెట్రోలు నెలల తరబడి నిల్వ ఉండదు కనుక ఈ బాధ రాదు. ఊరికి వెళ్లి నెలల పాటు కారు నిలపాల్సి వస్తే ట్యాంకు నిండా ఉంచండి, లోపల గాలి తక్కువైతే తేమా తక్కువే. ఎవరినైనా వారానికి ఒకసారి కొంత దూరం నడపమనండి. 2023 జులైలోలాగా ఊళ్లోకి నీళ్లు వచ్చినప్పుడు పల్లంలో ఉన్న బంకుల జోలికి రెండు మూడు రోజులు వెళ్లకపోవడం మంచిది.

సీసాలో పెట్రోలు, నీళ్లు కలిపి ఊపి, నీటి పొర పెరిగింది కాబట్టి కల్తీ అని చూపించే వీడియోలు మీకూ వచ్చే ఉంటాయి. 50 మిల్లీలీటర్ల నీటిలో 50 మిల్లీలీటర్ల ఈ20 పోస్తే అందులోని 10 మిల్లీలీటర్ల ఇథనాల్ నీటిలోకి చేరి, కింది పొర 60 దగ్గరకు వస్తుంది. అది ఇథనాల్ ఉందనడానికి రుజువు, కల్తీకి కాదు.

నాకు కోపం వచ్చేది ధర దగ్గర. శక్తి తక్కువైనా లీటరుకు అదే ధర. ఇలాంటి పెట్రోలు వాడేవారికి ధరలో వెసులుబాటు ఉండాలని 2021లో నీతి ఆయోగ్ నివేదికే సూచించింది. 2025కు వచ్చేసరికి ఇథనాల్ కొనుగోలు ధరే పెరిగిందని పెట్రోలియం శాఖ అంది. పాత కార్ల కోసం ఇథనాల్ లేని పెట్రోలు కూడా అమ్మాలని వేసిన పిటిషన్‌ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. తప్పించుకుందామని 95 ఆక్టేన్ ప్రీమియం పెట్రోలు పోయించకండి, దానిలోనూ ఇథనాల్ ఉంటుంది.

ఇంట్లో కార్బురేటర్ (గాలి, పెట్రోలు కలిపే పాతకాలపు భాగం) ఉన్న పాత స్కూటర్ ఉంటే దాని సంగతి వేరు. దానికి సెన్సర్ ఉండదు, ఇంధనాన్ని తనంతట సర్దుకోలేదు. మెకానిక్ చేత మిక్చర్‌లో పెట్రోలు పాలు కొద్దిగా పెంచి పెట్టించండి. వారం పైన నడపకపోతే పెట్రోలు కాక్ (ట్యాంకు కింది కుళాయి) మూసేసి, ఇంజిను ఆగేదాకా నడిపి, కార్బురేటర్ ఖాళీ చేసి ఉంచండి.