కేసు పడితే ఇల్లు కూల్చేయొచ్చా?

నిందితుడైనంత మాత్రాన ఒకరి ఇంటిని మున్సిపాలిటీ కూల్చొచ్చా అని నల్గొండ నుంచి అడిగారు. కూల్చకూడదు. నేరం తేల్చాల్సింది కోర్టు. ఆ పని అధికారులే చేసేస్తే ఇక కోర్టులెందుకు? ఆ ఇంట్లోని ముసలి తల్లి, బడి పిల్లలు ఏం తప్పు చేశారు? 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు ఈ విషయం గట్టిగానే చెప్పింది.

అక్రమ కట్టడమైనా ముందు నోటీసు ఇవ్వాలి, కనీసం 15 రోజులు ఆగాలి, యజమాని వాదన వినాలి. దీన్ని ఉల్లంఘించిన అధికారి సొంత డబ్బుతో ఇల్లు కట్టించాలి, నష్టపరిహారమూ ఇవ్వాలి. నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది ఇదే. రోడ్డు, ఫుట్‌పాత్ మీద కట్టినవాటికి, పానగల్లు ఉదయసముద్రం లాంటి చెరువుల ఆక్రమణలకు మాత్రం ఈ రక్షణ లేదు. మిగతా చోట్ల నోటీసు లేకుండా జేసీబీ వస్తే వెంటనే హైకోర్టులో రిట్ (అధికారుల చర్యను ఆపమని కోరే పిటిషన్) వేయండి.