బండీ–బాటా: చక్రాల్లేని బండి మీద మనవాళ్లు

(వరంగల్ ఆటోనగర్‌లో టూ-స్ట్రోక్ బళ్లు విప్పి బిగించి, తర్వాత అమెరికాలోని మినెసోటాలో స్నోమొబైల్ (మంచు మీద పోయే బండి) షెడ్డులో పనిచేసి, ఇప్పుడు హనుమకొండలో స్థిరపడిన మెకానిక్ మీ ప్రశ్నలకు జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: మా అబ్బాయి మినియాపొలిస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే నెల స్నేహితులతో కలిసి మూడు రోజులు స్నోమొబైళ్ల మీద అడవుల్లో తిరిగి వస్తాడట. రోజుకు 200 కిలోమీటర్లు అంటున్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి వాళ్ల అమ్మకు కంటి మీద కునుకు లేదు. వద్దని చెప్పమంటారా?
– ఒక తండ్రి, సుబేదారి, హనుమకొండ

జవాబు: వద్దంటే మానేస్తాడా? మీకు చెప్పకుండా వెళ్తాడు, అంతే తేడా. వద్దనకండి, అడగాల్సినవి అడగండి.

ముందు ఆ బండి సంగతి. ముందు వైపు రెండు స్కీలు, అంటే మంచు మీద జారే పొడవాటి పలకలు, వెనుక చక్రానికి బదులు పొడవాటి రబ్బరు ట్రాక్. స్కీలు మలుపు తిప్పుతాయి, ట్రాక్ ముందుకు తోస్తుంది. గేర్లు ఉండవు. మీ ఇంట్లో యాక్టివా ఉంటే అందులో ఉన్న బెల్టు, పుల్లీల పద్ధతే ఇందులోనూ. కుడి బొటనవేలితో నొక్కితే వేగం, ఎడమ చేతిలో బ్రేకు. మినెసోటాలో వీటి కోసమే సుమారు 35 వేల కిలోమీటర్ల దారులు ఉన్నాయి. చాలావాటిని ఊళ్లలోని క్లబ్బులవాళ్లే చూసుకుంటారు. మలుపు గుర్తులు, ఆగమనే బోర్డులు అన్నీ ఉంటాయి. కాబట్టి పిల్లవాడు దారీతెన్నూ లేని అడవిలో తిరుగుతాడని అనుకోకండి.

భయపడాల్సింది గడ్డకట్టిన సరస్సులకు. స్నోమొబైల్ పోవాలంటే కొత్తగా కట్టిన స్వచ్ఛమైన మంచుగడ్డ 5 నుంచి 7 అంగుళాల మందం ఉండాలని అక్కడి సహజ వనరుల శాఖ చెబుతుంది. తెల్లగా కనిపించే గడ్డ అయితే అందుకు రెట్టింపు కావాలి. ఒకే సరస్సులో మందం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. రామప్ప చెరువు నిండినప్పుడు మత్తడి దగ్గర నీళ్లు ఎలా లాగుతాయో చూసే ఉంటారు. అక్కడ కూడా నీళ్లు వచ్చి కలిసేచోట, బయటికి పోయేచోట, వంతెనల కింద పైన గడ్డ ఉన్నా లోపల నీరు కదులుతూనే ఉంటుంది. రాత్రిపూట ఇది కంటికి ఆనదు. సరస్సు దాటాలా, చుట్టూ తిరిగి పోవాలా అన్నది గుంపులో ఎవరు తేలుస్తారో మీ అబ్బాయిని అడగండి. “చూద్దాంలే నాన్నా” అన్నాడంటే ఆ సంగతి ఇంకా ఎవరూ ఆలోచించలేదని అర్థం.

రెండోది, 1976 డిసెంబరు 31 తర్వాత పుట్టినవాళ్లు ఆ రాష్ట్రంలో బండి నడపాలంటే భద్రతా శిక్షణ సర్టిఫికెట్ ఉండాలి. తీసుకున్నాడా? మూడోది, బండి తాడు. దాని ఒక కొస బండికి, రెండో కొస నడిపేవాడి కోటుకు తగిలిస్తారు. మనిషి కిందపడితే తాడు ఊడి ఇంజిన్ ఆగిపోతుంది. ఇది తగిలించుకోవడానికి బద్ధకించేవాళ్లను నేను షెడ్డులో చాలామందిని చూశాను. నాలుగోది తాగుడు. ఆ దారుల పక్కనే బార్లు ఉంటాయి. బండి మూలంగా జరిగే ప్రమాదాల కన్నా బారు మూలంగా జరిగేవే ఎక్కువని నా గట్టి అభిప్రాయం.

చలి గురించి మీరు చెప్పక్కర్లేదు, వాడే నేర్చుకుంటాడు. మైనస్ 20 డిగ్రీల్లో గంటకు 60 కిలోమీటర్ల గాలి కొడితే ఒంటికి మైనస్ 36లా తగులుతుంది. వాళ్ల అమ్మ పంపిన ఉన్ని మఫ్లరు మాత్రం వేలాడేలా కట్టుకోవద్దని చెప్పండి. హెల్మెట్ లోపల గొంతుకు బిగుతుగా ఉండే ముసుగు అక్కడే దొరుకుతుంది.

ప్రశ్న: వేసవిలో మా దగ్గర గోదావరిలో కనుచూపు మేర ఇసుకే. స్నోమొబైల్ ఒకటి తెప్పించి అందులో నడపవచ్చా?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: నడపవచ్చు, పది నిమిషాలు. ట్రాక్ లోపల ప్లాస్టిక్ పట్టీల మీద జారుతుంది. ఆ పట్టీలకు కందెన మంచే. ఇంజిన్ వేడిని తీసే గొట్టాలు సీటు కింద ట్రాక్ పైభాగంలో ఉంటాయి, వాటిని చల్లబరిచేది ట్రాక్ ఎగజిమ్మే మంచే. మంచు లేకపోతే పట్టీలు కరుగుతాయి, ఇంజిన్ కాగుతుంది. మంచు పలచగా ఉన్న రోజుల్లో అమెరికాలోనే ఈ పని జరుగుతుంది, ఇక మీ మే నెల ఎండలో చెప్పాలా?

ఇసుకలో కన్నా నీళ్ల మీద నయం. వేగం తగ్గించకపోతే ఈ బండి నీటి మీద తేలుతూ పోతుంది. విస్కాన్సిన్‌లోని గ్రాంట్స్‌బర్గ్‌లో ఏటా ఎండాకాలం అలాంటి పందేలు జరుపుతారు. బొటనవేలు కాస్త సడలిందా, బండి మునిగిందే. గోదావరిలో ప్రయత్నించి నాకు ఉత్తరం రాయకండి.

ప్రశ్న: అన్నా, మాది జమ్మికుంట. మిచిగన్‌లోని హోటన్‌లో చదువు పూర్తిచేసి ఇక్కడే పనిలో చేరాను. ఒక మిత్రుడికి 600 సీసీ టూ-స్ట్రోక్ ఉంది, ఇంకొకడికి 850. మూడో అతను ఫోర్-స్ట్రోక్ అద్దెకు తెస్తున్నాడు. వారాంతంలో దూరప్రయాణం చేస్తూ బళ్లు మార్చుకుని, ఏది కొనాలో తేల్చుకుందామని నా ఆలోచన. ఎలా పరీక్షించాలి? అందరూ 850 కొనమంటున్నారు.

జవాబు: ఏడాదికి 200 అంగుళాలకు పైగా మంచు పడే ఊళ్లో ఉన్నావు, తమ్ముడూ. ఈ బండి గురించి నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. పద్ధతి కూడా మంచిదే. దుకాణం వెనుక అయిదు నిమిషాలు తిప్పితే ఏ బండైనా బాగానే ఉంటుంది. మూడో గంటలో నీ నడుము ఏమంటుందో అది నమ్ము.

అయితే ఒక చిక్కుంది. రాత్రంతా గ్రూమర్ యంత్రం దారిని చదును చేసి వదులుతుంది, అది తెల్లవారేసరికి గట్టిపడుతుంది. పొద్దున బయలుదేరినవాడికి దారి సిమెంటు రోడ్డులా ఉంటుంది. మధ్యాహ్నానికి వందల బళ్లు పోయి, ముఖ్యంగా మలుపులకు ముందు బ్రేకులు కొట్టేచోట, మోకాలెత్తు గుంతలు, గుట్టలు లేస్తాయి. పొద్దున 850 ఎక్కి, మధ్యాహ్నం 600 ఎక్కినవాడు సాయంత్రం ఏం చెబుతాడు? “850 పరుపులా ఉంది, 600 నడుము విరిచింది” అంటాడు. వాడు పోల్చింది బళ్లను కాదు, పొద్దును, మధ్యాహ్నాన్ని. అందుకే మొదటి రోజు ఏ వరుసలో మార్చుకున్నారో రెండో రోజు దాన్ని తిరగేయండి. ముప్పై నలభై కిలోమీటర్లకు ఒకసారి మార్చుకుంటే చాలు. వరుసలో మీ స్థానం కూడా మార్చుకోండి. ముందున్నవాడికి దారి కనిపిస్తుంది, వెనకున్నవాడికి మంచుదుమ్ము తప్ప మరేదీ కనిపించదు. ఆ చిరాకంతా బండి మీద రాస్తాడు.

తర్వాత బరువు. 850 ఉన్న మిత్రుడు తొంభై కిలోలు, నువ్వు అరవై అనుకో. అతని బరువుకు బిగించిన స్ప్రింగుల మీద నువ్వు కూర్చుంటే బండి నీకు రాయిలా తగులుతుంది. మార్చుకున్నప్పుడల్లా వెనుక స్ప్రింగు బిగువు సర్దుకో. చాలా బళ్లకు చేత్తో తిప్పే మీట ఉంటుంది. ఒక్కసారి ఒక్కటే మార్చు. స్ప్రింగు, షాక్ అబ్జార్బరు, స్కీల ఒత్తిడి అన్నీ ఒకేసారి కదిపితే ఏది పనిచేసిందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

బండి తిన్నగా పోకుండా పాత గాడి వెంట పక్కలకు గుంజుతుందంటే వెంటనే తిట్టకు. ముందు వంగి స్కీ అడుగున కార్బైడ్ పట్టీని వేలితో తడిమి చూడు. అది అరిగి గుండ్రంగా అయితే ఏ కంపెనీ బండైనా తాగినవాడిలా నడుస్తుంది. అద్దె బళ్లలో ఇది మామూలు.

ఇక నువ్వు రాసుకోవాల్సినవి గుర్రపుశక్తి లెక్కలు కావు. బొటనవేలు ఎప్పుడు నొప్పి పుట్టింది? లేచి నిలబడితే హ్యాండిల్ చేతికి అందుతుందా? గాలి అద్దం మీది నుంచి వచ్చిన గాలి ఛాతీకి తగులుతుందా, నేరుగా హెల్మెట్‌కా? మంచులాంటి పొద్దున స్టార్టరు తాడు ఎన్నిసార్లు గుంజితే ఇంజిన్ లేచింది, లేదా మీట నొక్కితేనే లేచిందా? లీటరుకు ఎంత? టూ-స్ట్రోక్ అయితే లీటరుకు అయిదారు కిలోమీటర్లకు మించి ఆశపడకు. ట్యాంకు నలభై లీటర్ల లోపే. కనుక బంకుకు బంకుకు మధ్య 150 దాటకుండా దారి ఎంచుకోండి. గుంపులో ఎక్కువ తాగే బండి లెక్కే అందరి లెక్క.

నా మాట అడిగావు కాబట్టి: 850 వద్దు. అది సుమారు 165 గుర్రపుశక్తి, 600 అయితే సుమారు 125. చెట్ల మధ్య మెలికలు తిరిగే దారిలో ఆ మిగతా నలభై గుర్రాలు చేసేదేమీ లేదు, పెట్రోలు తాగడం తప్ప. కొండల్లో, లోతు మంచులో అయితే వేరే మాట. అలాంటి చోట 154 అంగుళాలో అంతకు మించో పొడవున్న ట్రాక్, దాని మీద మంచును పట్టే రెండున్నర మూడు అంగుళాల పళ్లు కావాలి. నీలా దారుల్లో తిరిగేవాడికి 137 అంగుళాల ట్రాక్, అంగుళంన్నర లోపు పళ్లు సరిపోతాయి. ఫోర్-స్ట్రోక్ నిమ్మళంగా, తక్కువ పెట్రోలుతో పోతుంది, పొగ వాసన ఉండదు. కానీ బరువెక్కువ. దారి పక్కన మెత్తటి మంచులో దిగబడిన రోజు ఆ బరువు సంగతి నీ వెన్నెముక చెబుతుంది. (ఆ పొగ వాసన లేకపోవడం కూడా నాకు లోటే. ఆర్ఎక్స్ 100 కాలం మనిషిని.)

టూ-స్ట్రోక్ ఎక్కినప్పుడు రివర్స్ మీట ఒకసారి నొక్కి చూడు. గేరు పడే చప్పుడు ఉండదు. ఇంజిన్ ఆగిపోతున్నట్టు నీరసపడుతుంది, ఇంకో క్షణంలో చచ్చిపోతుందనగా సరిగ్గా లెక్కేసిన నిప్పురవ్వ పడి, దగ్గినట్టు ఒక కుదుపుతో ఇంజినే వెనక్కి తిరగడం మొదలుపెడుతుంది. టూ-స్ట్రోక్‌కు ఎటు తిరిగినా ఒకటే కనుక ఇది సాధ్యమైంది. మొదటిసారి చూసినప్పుడు నేను మూత తెరిచి క్లచ్ తిరిగే దిక్కు చూశాను, మీటను మళ్లీ నొక్కించి మళ్లీ చూశాను.

ప్రతి బండిలో అదనపు బెల్టు, దాన్ని మార్చే పనిముట్టు ఉన్నాయో లేదో బయలుదేరేముందే చూడండి. కొత్త బెల్టు వేస్తే మొదట కొంతదూరం మెల్లగా పోనివ్వండి, వెంటనే గట్టిగా గుంజవద్దు. ఎదురుగా బళ్లు వస్తే నీ వెనుక ఎందరున్నారో వేళ్లతో చూపించు. ఆఖరివాడు పిడికిలి బిగించి చూపుతాడు. ఇది అక్కడి మర్యాద.

ఇంకొకటి, డబ్బు మాట. ఎవరి చేతిలో ఉండగా బండి పాడైతే వాళ్లే బాగుచేయించాలా, అందరూ పంచుకోవాలా? ఇది తాళం చేతులు మారకముందే తేలాలి. చెట్టుకు కొట్టాక మాట్లాడుకుంటే మీ నలుగురిలో ఇద్దరే స్నేహితులుగా మిగులుతారు.

వసంతంలో కంపెనీలు వచ్చే ఏటి బళ్లకు ముందస్తు ఆర్డర్లు తీసుకుంటాయి. ఈ పరీక్షలన్నీ ఫిబ్రవరిలోనే ముగించుకుంటే తొందరపడక్కర్లేదు.

ప్రశ్న: జనవరిలో పిల్లలతో గుల్మార్గ్ వెళ్తున్నాం. అక్కడ స్నోమొబైల్ ఎక్కిస్తారట. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, జగిత్యాల

జవాబు: అమ్మా, చున్నీ, చీర కొంగు, వేలాడే మఫ్లరు ఏవీ వద్దు. ట్రాక్ తిరిగేచోట గుడ్డ చిక్కితే మనిషిని కూడా లాగుతుంది. ప్యాంటు, బిగుతైన కోటు వేసుకోండి. హెల్మెట్ అడగండి, లేదంటే ఎక్కకండి. పిల్లలు నడిపేవాడి వెనుక కూర్చుని అతన్ని పట్టుకోవాలి, పాదాలు పాదపీఠాల మీదే ఉండాలి. ఎంత దూరం, ఎంత ధర అన్నది ఎక్కకముందే తేల్చుకోండి. “ఇంకాస్త పైకి తీసుకెళ్తా” అంటే వద్దనండి. ఆ ఊరే 2,650 మీటర్ల ఎత్తులో ఉంది, పైన వాలుల మీద మంచు విరిగిపడుతుంది. ఆ ఎత్తులో గాలి పలచన కాబట్టి ఇంజిన్‌కు కూడా శక్తి తగ్గుతుంది. బండి మూలిగితే నడిపేవాడిని తప్పు పట్టకండి.

ప్రశ్న: ఈ బండి సరదా కోసమే పుట్టిందా? ఎక్కువ దూరం పోయిందెవరు?
– ఒక విద్యార్థి, కాకతీయ విశ్వవిద్యాలయం

జవాబు: సరదాకు కాదు. కెనడాలోని క్యుబెక్‌లో వాల్కూర్ అనే ఊళ్లో జోసెఫ్-అర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్ ఉండేవాడు. 1934 చలికాలంలో రోడ్లన్నీ మంచుతో మూసుకుపోయి, ఆసుపత్రికి తీసుకెళ్లే దారిలేక అతని చిన్న కొడుకు చనిపోయాడు. మంచు మీద పోయే బండి గురించి అప్పటికే తంటాలు పడుతున్న అతను 1937లో ఏడుగురు కూర్చునే బండిని తెచ్చాడు. డాక్టర్లు కొనుక్కున్నారు. ఇప్పుడు మనం చూసే చిన్న బండి, స్కీ-డూ, 1959లో వచ్చింది.

దూరం అడిగావు. మినెసోటాకు చెందిన రాల్ఫ్ ప్లెయిస్టెడ్ బీమా వ్యాపారి. మిత్రులను వెంటేసుకుని స్కీ-డూల మీద బయలుదేరి 1968 ఏప్రిల్ 19న ఉత్తర ధ్రువానికి చేరాడు. చేరింది నిజమేనని అమెరికా వాయుసేన విమానం పైనుంచి చూసి నిర్ధారించింది. ఆ బళ్ల ఇంజిన్లు ఇప్పటి 600 ముందు పిల్లలు. జమ్మికుంట తమ్ముడు ఈ ముక్క 850 మిత్రుడికి చదివి వినిపించవచ్చు. వాళ్లు తిరిగి వచ్చింది మాత్రం విమానంలో.