వెనక 130 ట్రావెల్ ఉన్న సైకిల్‌ను 137కి పెంచొచ్చా?

ప్రశ్న: నాది యెటి ఎస్‌బి130 మౌంటెన్ సైకిల్. వెనక 130, ముందు 150 మి.మీ. ట్రావెల్ (గతుకుల మీద చక్రం పైకీ కిందికీ కదిలే దూరం). అదే సైకిల్ ‘లంచ్ రైడ్’ రకంలో వెనక 137, ముందు 160 ఇచ్చారు. కొత్తది కొనకుండా నాదాన్నే అలా మార్చుకోవచ్చా? ఇంకాస్త పొడుగు షాక్ (వెనక కుదుపులు మింగే భాగం) బిగిస్తే చాలా?
– కె.ఆర్., డెన్వర్

జవాబు: మార్చుకోవచ్చు. కానీ పొడుగు షాక్ మాత్రం బిగించకండి. ట్రావెల్ పెంచేది షాక్ పొడవు కాదు, దాని స్ట్రోక్, అంటే లోపల రాడ్ నడిచే దూరం. మీ షాక్ కొలత (పొడవు × స్ట్రోక్, మి.మీ.లో) 210 × 52.5, లంచ్ రైడ్‌ది 210 × 55. రెండు బోల్టుల మధ్య దూరం 210 దగ్గరే ఉంటుంది, స్ట్రోక్ మాత్రం 2.5 మి.మీ. పెరుగుతుంది. వెనక చక్రం దగ్గరికి వచ్చేసరికి అదే 7 మి.మీ. అవుతుంది. 210కి బదులు 220 షాక్ పెడితే సైకిల్ వెనక భాగం లేచిపోయి, జామెట్రీ (ఫ్రేమ్ కోణాలు, కొలతలు) మొత్తం చెడిపోతుంది.

కొన్ని షాకుల్లో లోపల చిన్న స్పేసర్ పెట్టి స్ట్రోక్ తగ్గిస్తారు. అది తీసేస్తే చాలు, కొత్త షాక్ అక్కర్లేదు. ఈ పని సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. గాలి పూర్తిగా పోకముందే ఎయిర్ క్యాన్ (షాక్‌లో గాలి నిండే గొట్టం) విప్పితే అది తుపాకీ గుండులా ఎగిరొస్తుంది.

డబ్బు పెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. షాక్ పూర్తిగా ఊడదీసి, రెండు బోల్టు రంధ్రాల మధ్య దూరం 155 మి.మీ. (210 – 55) అయ్యేదాకా వెనక చక్రాన్ని పైకి లేపండి. ఆ స్థితిలో టైరుకీ సీట్ ట్యూబ్‌కీ (సీటు కింది ఫ్రేమ్ గొట్టం) మధ్య కనీసం 6 మి.మీ. సందు ఉండాలి. 2.6 అంగుళాల టైరు వేసుకుంటే ఈ పరీక్ష మరీ ముఖ్యం. బ్రేక్ గొట్టం, గేర్ కేబుల్ ఎక్కడా నలగకూడదు.

ముందు ఫోర్క్‌కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల భాగం) 160 ఎయిర్ షాఫ్ట్ (దాని లోపల ట్రావెల్‌ను నిర్ణయించే కడ్డీ) కొంటే సరిపోతుంది, మొత్తం ఫోర్క్ మార్చనక్కర్లేదు. మీ ఫోర్క్ మోడల్‌కు ఆ కొలత ఉందో లేదో మాత్రం ముందే చూసుకోండి. షాఫ్ట్ మార్చేటప్పుడు ఫోర్క్ కింది కాళ్లు ఊడదీయక తప్పదు కాబట్టి సీళ్లు, నూనె కూడా అప్పుడే కొత్తవి వేసేయండి. ట్రావెల్ పెరిగినప్పుడు లోపలి గాలి ఇంకా ఎక్కువ నొక్కుకుంటుంది. చివరి అంగుళం వాడుకలోకి రాకపోతే ఒక టోకెన్ (ఫోర్క్ లోపల గాలికి చోటు తగ్గించే ప్లాస్టిక్ ముక్క) తీసేయండి.

సాగ్ (మీరు ఎక్కి కూర్చోగానే షాక్, ఫోర్క్ కుంగే దూరం) మళ్లీ కొలవాలి. 30 శాతం లెక్కన షాక్ మీద 16.5 మి.మీ., ఫోర్క్ మీద 15–20 శాతం, అంటే 24 నుంచి 32 మి.మీ.

ప్రశ్న: ఫోర్క్ 10 మి.మీ. పెంచాక ఎక్కుడు దారిలో ముందు చక్రం తేలిపోతోంది. ఎందుకు?
– ఎస్.వి., హైదరాబాద్

జవాబు: ఫోర్క్ 10 మి.మీ. పెరిగితే హెడ్ యాంగిల్ (ఫోర్క్ వాలు), సీట్ యాంగిల్ (సీటు గొట్టం వాలు) రెండూ దాదాపు అర డిగ్రీ వెనక్కి వాలతాయి. మీ బరువు వెనక చక్రం మీదికి జరిగింది. సీటును పట్టాల మీద 5 మి.మీ. ముందుకు జరపండి, స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్క్‌కు బిగించే ముక్క) కిందున్న స్పేసర్ రింగు ఒకటి తీసి పైన పెట్టండి. అయినా తేలుతుంటే వెనక సాగ్ చూడండి. 35 శాతం దాటితే ఎక్కుడులో వెనక భాగం కుంగి, ముందు లేస్తుంది. షాక్‌లో గాలి 5 పి.ఎస్.ఐ. చొప్పున పెంచుతూ సాగ్‌ను 30 శాతం దగ్గరికి తీసుకురండి.