బోర్డును అనుమానించే ముందు చిప్‌ను అడుగు

పర్లాకిమిడి
ఆదివారం రాత్రి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న గుణుపురం నుంచి ఫోను చేసి, "బోర్డు పాడైపోయింది మామయ్యా, నేను ఆపమని గుర్తు పెట్టిన లైను, అదే బ్రేక్‌పాయింట్ దగ్గర ప్రోగ్రామ్ ఆగిన కాసేపటికే తనంతట తానే మళ్లీ మొదటికి వస్తోంది" అన్నావు. ఫోనులో సగమే చెప్పగలిగాను. మిగతాది రాస్తున్నాను, బోర్డు పక్కన పెట్టుకుని చదువు.

బోర్డు పాడవలేదు. నీ ప్రోగ్రామ్‌లో వాచ్‌డాగ్ అనే కాపలా టైమరు ఉంది, నువ్వే పెట్టావు. దానికి చిప్ లోపలే సొంత గడియారం ఉంటుంది. నువ్వు ప్రాసెసర్‌ను ఆపినా దాని లెక్క ఆగదు. గడువులోగా ప్రోగ్రామ్ పలకరించకపోతే చిప్‌ను రీసెట్ చేస్తుంది. దాని పని అది సక్రమంగానే చేసింది. డీబగ్ చేస్తున్నంత సేపు, అంటే తప్పులు వెతుకుతున్నంత సేపు, దాన్నీ ఆపి ఉంచే బిట్ ఒకటి ఆ చిప్‌లోనే ఉంది. రిఫరెన్స్ మాన్యువల్‌లో డీబగ్ అధ్యాయం చివర్లో ఉంటుంది కాబట్టి చాలామంది అక్కడిదాకా వెళ్లరు. నువ్వు ముందు అదే చదువు.

నీ దగ్గరున్న న్యూక్లియో ఎఫ్446ఆర్‌ఈ నిజానికి రెండు బోర్డులు. యూఎస్‌బీ వైపున్న చిన్న ముక్క, చిప్‌లోకి కోడ్ ఎక్కించి లోపలి విలువలు చూపించే ఎస్‌టీ‌లింక్ డీబగ్గర్. దాని మీద వేరే మైక్రోకంట్రోలర్ ఉంది. పెద్ద ముక్క మీద ఉన్నది నీ చిప్: కార్టెక్స్ ఎం4, 180 మెగాహెర్ట్జ్ దాకా వేగం, 512 కిలోబైట్ల ఫ్లాష్, 128 కిలోబైట్ల ర్యామ్. ఆ రెండూ మాట్లాడుకునేది రెండే తీగల మీద. అవి చిప్‌లో పీఏ13, పీఏ14 పిన్నులకు చేరతాయి. వాటిని నీ ప్రోగ్రామ్‌లో మరే పనికీ వాడకు. పొరపాటున వాడితే డీబగ్గర్‌కు చిప్ పలకదు. అప్పుడు కూడా కంగారుపడకు. చిప్‌ను రీసెట్‌లో పట్టి ఉంచి కనెక్ట్ అయ్యే పద్ధతి డీబగ్గర్ సెట్టింగుల్లో ఉంటుంది, దానితో తిరిగి దారికి వస్తుంది.

మేము 8051 అనే పాత మైక్రోకంట్రోలర్ నేర్చుకున్న రోజుల్లో కోడ్ ఈప్రామ్ అనే మెమొరీ చిప్‌లో ఉండేది. ఒక్క అంకె తప్పినా ఆ చిప్‌ను అతినీలలోహిత దీపం కింద ఇరవై నిమిషాలు పెట్టి చెరిపి, మళ్లీ రాయాలి. ఆ ఇరవై నిమిషాలూ కాగితం మీద కోడ్‌ను వేలితో చదువుకుంటూ కూర్చునేవాళ్లం. ఇప్పుడు అర నిమిషంలో కొత్త కోడ్ ఎక్కుతుంది. ఒక్క సాయంత్రంలో యాభై సార్లు మార్చానని చెప్పావు. ఏ మార్పు ఎందుకు చేశావని అడిగితే మౌనంగా ఉండిపోయావు. నాకు బాధ కలిగింది అక్కడే, బోర్డు గురించి కాదు.

ఇలా చెయ్యి. బ్రేక్‌పాయింట్ పెట్టే ముందు, అక్కడ ఏ చరరాశి విలువ ఎంత ఉండాలో నోటుపుస్తకంలో రాసుకో. ఆపి చూడు. రాసుకున్నదీ కనిపించేదీ కలిస్తే తప్పు ఆ లైను తర్వాత ఉంది, కలవకపోతే ముందు ఉంది. నేను ఒకసారి 8 బిట్ల కౌంటరుతో 300 సెకన్లు లెక్కపెట్టాలని చూసి రెండు రాత్రులు పోగొట్టుకున్నాను. 255 తర్వాత అది సున్నాకు వెళ్లిపోతుంది, 300 ఎన్నటికీ రాదు. ఒక్కసారి ఆపి ఆ విలువ చూసి ఉంటే అయిదు నిమిషాల పని.

ఒక విలువను ఎవరు పాడుచేస్తున్నారో అంతుపట్టకపోతే వాచ్‌పాయింట్ పెట్టు. ఆ మెమొరీ స్థానంలో ప్రోగ్రామ్‌లోని ఏ లైను రాసినా ప్రోగ్రామ్ అక్కడే ఆగుతుంది. నీ చిప్‌లో ఇలాంటివి నాలుగు, బ్రేక్‌పాయింట్లు ఆరు. ఇంటరప్ట్‌లో, అంటే నడుస్తున్న పనిని మధ్యలో ఆపి నడిచే కోడ్‌లో, మార్చే చరరాశికి వోలటైల్ అని రాశావో లేదో కూడా చూడు. రాయకపోతే కంపైలర్ దాని పాత విలువనే పట్టుకుని కూర్చోవచ్చు.

ఇక ఈ బోర్డుతో నువ్వు నడపబోయే పంపు సంగతి, ఇది శ్రద్ధగా విను. ప్రాసెసర్ ఆగినప్పుడు పిన్నులు ఎక్కడివక్కడే ఉండిపోతాయి. మోటారును వేసి ఆపే స్విచ్, అదే రిలే, ఆన్‌లో ఉంటే ఆన్‌లోనే ఉంటుంది. కాశీనగరం దగ్గర వంశధార ఒడ్డున మన తోటలో నేను పంపు కంట్రోలర్ పరీక్షిస్తూ, మోటారు తిరుగుతుండగా బ్రేక్‌పాయింట్ దగ్గర ఆపి, విలువలు రాసుకోవడంలో మునిగిపోయాను. బావిలో నీరు అడుగంటింది. నీటిమట్టం కనిపెట్టే ఫ్లోటు స్విచ్ చెబుతూనే ఉంది, వినాల్సిన కోడ్ ఆగి ఉంది. మోటారు పొడిగా తిరిగి సీలు కాలిపోయింది. రబ్బరు కాలిన ఆ వాసన ఇంకా గుర్తుంది.

అందుకే మొదటి నెల రిలేకు మోటారు తగిలించకు, చిన్న బల్బు తగిలించు. ల్యాప్‌టాప్‌కు కలిపి ఉన్న బోర్డును 230 వోల్టుల వైరింగ్ దగ్గరకు అసలు తీసుకెళ్లకు. రిలే మాడ్యూల్ ఆప్టోకప్లర్ (తీగ కలపకుండా వెలుతురుతో సంకేతం దాటించే భాగం) ఉన్నదే కొను. అయిదు వోల్టుల సెన్సార్ తగిలించే ముందు డేటాషీట్‌లో పిన్నుల పట్టిక చూడు. చాలా పిన్నులు తట్టుకుంటాయి, పచ్చ ఎల్‌ఈడీ ఉన్న పీఏ5 తట్టుకోదు.

సొంత బోర్డు చేసుకున్నాక కూడా దీన్ని పక్కన పడెయ్యకు. బోర్డు మీద సీఎన్2 అని రాసి ఉన్న చోట రెండు జంపర్లు (పిన్నులను కలిపే చిన్న తొడుగులు) తీసేస్తే, ఇదే ఎస్‌టీ‌లింక్ నీ బోర్డులోని చిప్‌కు డీబగ్గర్‌గా పనికొస్తుంది.

వచ్చే ఆదివారం రైల్లో వచ్చేటప్పుడు బోర్డుతో పాటు నోటుపుస్తకం తీసుకురా. యూఎస్‌బీ కేబుల్ డేటా వెళ్లేదేనా, ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చేదా చూసుకుని మరీ పెట్టుకో. బల్బు, హోల్డరు నా దగ్గర ఉన్నాయి.

మీ మామయ్య