హెల్మెట్ పగలలేదు, స్కాన్ బాగుంది... మరి తలనొప్పి ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు. క్రికెట్ కోచింగ్‌కు వెళ్తాడు. పది రోజుల క్రితం నెట్స్‌లో బౌన్సర్ హెల్మెట్‌కు గట్టిగా తగిలింది. స్పృహ తప్పలేదు. సీటీ స్కాన్‌లో ఏమీ లేదన్నారు. అయినా కాసేపు చదివితే తలనొప్పి అంటున్నాడు. కొత్త టెక్నాలజీ హెల్మెట్ కొనిస్తే వచ్చే వారం మ్యాచ్ ఆడవచ్చా? – ఒక తల్లి, గుంటూరు

జవాబు: ఈ మ్యాచ్‌కు పంపకండమ్మా. స్కాన్ బాగుందంటే పుర్రె చిట్లలేదు, లోపల రక్తస్రావం లేదు అని అర్థం. అది మంచి మాటే. కానీ దెబ్బకు మెదడు కుదుపుకు లోనైతే, అంటే కంకషన్ అయితే, అది సీటీలో కనిపించదు. చదివితే తలనొప్పి రావడం దాని లక్షణమే.

హెల్మెట్ పైపెంకు దెబ్బను నలుదిక్కులా పంచుతుంది, లోపలి ఫోమ్ నలిగి తీవ్రతను తగ్గిస్తుంది. పుర్రెను అది బాగా కాపాడుతుంది. అయితే బంతి పక్కగా తగిలితే తల ఒక్కసారిగా తిరుగుతుంది. నీళ్లున్న చెంబును చటుక్కున తిప్పి చూడండి: చెంబు తిరుగుతుంది, నీళ్లు వెనకబడతాయి. మెత్తని మెదడు కూడా అలాగే వెనకబడి, అందులోని సన్నని నరాల పోగులు సాగుతాయి. స్వీడన్‌లో పుట్టిన మిప్స్ పరిజ్ఞానం ఈ మెలికను తగ్గించడానికే వచ్చింది. తలవైపు ఉండే పలుచని పొర 10 నుంచి 15 మిల్లీమీటర్లు జారుతుంది. సైకిల్ హెల్మెట్లలో దీన్ని ఎక్కువగా చూస్తాం. మంచి ఆలోచనే, కానీ కంకషన్‌ను పూర్తిగా ఆపే హెల్మెట్ ఇంతవరకు లేదు.

2019 లార్డ్స్ టెస్టులో ఇంగ్లండ్ బౌలర్ ఆర్చర్ బంతి ఆస్ట్రేలియా బ్యాటర్ స్టీవ్ స్మిత్ మెడకు తగిలింది. స్మిత్ ఆ రోజే మళ్లీ బ్యాటింగ్‌కు వచ్చాడు. లక్షణాలు తర్వాత బయటపడ్డాయి, అతని బదులు లబుషేన్ ఆడాడు. అంతటి జట్టు వైద్యులకే వెంటనే తెలియనిది, మైదానంలో పిల్లవాడు ‘నాకేం కాలేదు’ అంటే మనం ఎలా నమ్మగలం?

ముందు తలనొప్పి లేకుండా బడికి వెళ్లగలగాలి. తర్వాత నడక, తేలికపాటి పరుగు, బంతి లేని సాధన, చివరగా నెట్స్. ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు ఇవ్వండి. లక్షణాలు పెరిగితే ఒక మెట్టు వెనక్కి రండి. మ్యాచ్‌కు ముందు వైద్యుడు చూసి సరేననాలి. పిల్లలు పూర్తిగా కోలుకోవడానికి నాలుగు వారాలు పట్టడం మామూలే.

దెబ్బతిన్న హెల్మెట్‌ను, పగుళ్లు కనిపించకపోయినా, మార్చేయండి. కొత్తదానిపై బీఎస్ 7928:2013 (క్రికెట్ హెల్మెట్ల బ్రిటిష్ ప్రమాణం) గుర్తు, వెనక మెడ రక్షణ ఉండాలి. 2014లో ఆస్ట్రేలియా బ్యాటర్ ఫిలిప్ హ్యూజ్ ప్రాణం తీసిన దెబ్బ హెల్మెట్ కిందుగా, మెడకే తగిలింది.

పదేపదే వాంతులు, పెరిగిపోయే తలనొప్పి, మగత, మాట తడబడటం, ఫిట్స్ కనిపిస్తే రాత్రయినా సరే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.