కళ్లు మూసుకోమంటే మూసుకోనవసరం లేదు

చిరంజీవి సుధకు పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు వచ్చే మంగళవారం నుంచి మనసుకు తగిలిన గాయాలకు చికిత్స చేసే ఒక ట్రామా థెరపిస్టు దగ్గరికి వెళ్లబోతున్నావని, ఎవరూ చెప్పకుండానే నీ అంతట నువ్వే వెతికి సమయం తీసుకున్నావని చెప్పింది. ఈ సంగతి నాకు చెప్పమన్నది కూడా నువ్వేనట. ఆ ధైర్యంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. నలభై దాటితే గాని నేను సరిగ్గా చేయలేకపోయిన పనికి నువ్వు ఇరవై ఆరేళ్లకే పూనుకున్నావన్న గర్వం ఒకవైపు, ఆ గదిలో నువ్వెలా కూర్చుంటావో కళ్లకు కట్టినట్టు కనిపించడం వల్ల కలిగిన భయం మరొకవైపు. చిన్నప్పుడు జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా "ఎలా ఉంది తల్లీ" అని అడిగితే "బాగానే ఉంది పెద్దమ్మా" అనేదానివి. ఎంత నెమ్మదైన పిల్లో అని అప్పుడు అందరం మురిసిపోయాం. ఇప్పుడు ఆ నెమ్మదితనమే నన్ను కలవరపెడుతోంది.

నీకు జరిగినదేమిటో నాకు తెలియదు, అడగను. చెప్పాలనిపించిన రోజున చెబుదువు గాని. ఎప్పటికీ చెప్పకపోయినా మన మధ్య తరిగిపోయేదేమీ లేదు.

ముందు మామూలు జాగ్రత్తలు. ఆ థెరపిస్టు ఏం చదివారో, ఏ వృత్తి సంస్థలో నమోదయ్యారో, ట్రామా చికిత్సలో విడిగా శిక్షణ పొందారో లేదో అడుగు; కొన్ని దేశాల్లో కౌన్సెలర్ అనే పేరుకు చట్టరక్షణ లేదు, ఎవరైనా ఆ బోర్డు తగిలించుకోవచ్చు. తమ కేసుల గురించి ఒక సీనియర్‌తో క్రమంగా సంప్రదించే అలవాటు వారికి ఉందా అన్నది కూడా అడగదగిన ప్రశ్నే. ఫీజు ఎంత, సెషన్ ఎంతసేపు, రాలేకపోతే ఎన్ని గంటల ముందు చెప్పాలి, చెప్పకపోతే పూర్తి ఫీజు తీసుకుంటారా అన్నవి మొదటి రోజే తేల్చుకో. ప్రైవేటు చికిత్సలో డబ్బు మాట మొహమాటపడవలసిన మాట కాదు. మధ్యలో డబ్బు చాలక ఆపేయడం కంటే, ఎన్ని నెలలు భరించగలవో ముందే చెప్పి దాన్నిబట్టి ప్రణాళిక వేయించుకోవడం మేలు.

మొదటి సెషన్‌లో నీ కథంతా చెప్పేయాలేమోనని నువ్వు ఇప్పటికే మనసులో వాక్యాలు కూర్చుకుంటూ ఉంటావు. అవసరం లేదు. ఆ యాభై నిమిషాల్లో ఎక్కువ భాగం కాగితాలకు, ప్రశ్నలకు పోతుంది. నిద్ర ఎలా ఉంది, ఏ మందులు వాడుతున్నావు, ఇంట్లో ఎవరి అండ ఉంది, ఇప్పుడు నువ్వున్న చోట క్షేమంగా ఉన్నావా, చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగా అడుగుతారు. ఆ చివరి ప్రశ్న వినగానే నేను ఉలిక్కిపడ్డాను. అది అనుమానంతో అడిగేది కాదు, అందరినీ అడుగుతారు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. నువ్వు చెప్పినదంతా గోప్యంగా ఉంటుందని, అయితే నీ ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పుందనిపించినా, పసిపిల్లలకు హాని జరుగుతోందని తెలిసినా ఆ గోప్యతకు మినహాయింపు ఉంటుందని కూడా చెబుతారు. చెప్పకపోతే నువ్వే అడుగు. జరిగినదాని గురించి "ఒక సంఘటన ఉంది, ఇంకా వివరంగా చెప్పలేను" అంటే సరిపోతుంది. మంచి థెరపిస్టు అంతకు మించి లాగరు.

గత నెల రోజుల్లో పీడకలలు, ఉలికిపాటు, అది జరిగిన చోటుకు వెళ్లకుండా తప్పించుకోవడం వంటివి నిన్ను ఎంత బాధించాయో గుర్తు పెట్టమని ఒక ప్రశ్నపత్రం కూడా ఇవ్వవచ్చు. ఎక్కువగా వాడేదానిలో ఇరవై ప్రశ్నలుంటాయి, ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా అంకె వేయాలి. ఆ అంకెల దగ్గరే నేను తప్పు చేశాను. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

నాకు 1982లో ప్రమాదం జరిగిందని నీకు తెలుసు, కాలు విరిగిందని తెలుసు. అంతవరకే ఇంట్లో అందరికీ చెప్పాను. బోల్తా పడిన ఆ బండిలో, రాత్రివేళ, నా పక్కన కూర్చున్న స్నేహితురాలి మూలుగు ఆగిపోయేదాకా కళ్లు గట్టిగా మూసుకుని వింటూ ఉన్నానన్నది నేను ఎవరికీ చెప్పలేదు. అటువంటి దెబ్బ తర్వాత మనసుకు పట్టే బాధకు పీటీఎస్‌డీ అనే పేరు పెట్టి, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన రోగనిర్ధారణ గ్రంథంలో చేర్చింది 1980లో. అంటే నా ప్రమాదం నాటికి ఆ మాట పుట్టి రెండేళ్లు. నేను ఆ పేరు వినడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 1994లో, నిద్ర పూర్తిగా చెడిపోయాక, ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. ఎంతో దయగల మనిషి. రెండో వారం నుంచి ప్రతి సెషన్ మొదట్లో కళ్లు మూసుకుని, నిదానంగా ఊపిరి తీసుకుంటూ, ప్రశాంతమైన సముద్రతీరాన్ని ఊహించుకోమనేవారు. నేను కళ్లు మూసుకునేదాన్ని. నాకు తీరం కనిపించలేదు తల్లీ. కళ్లు మూయగానే ఆ బండి లోపలి చీకటి, ఆ మూలుగు. ఊపిరి మీద దృష్టి పెట్టమంటే ఊపిరే అందేది కాదు. పది నిమిషాలు ఆ నరకం పడి, కళ్లు తెరిచి, ఆమె "ఎలా ఉంది?" అని అడిగితే, "చాలా హాయిగా ఉంది" అనేదాన్ని.

ఎందుకన్నానో చాలా ఏళ్లు ఆలోచించాను. ఆమె నా కోసం అంత శ్రద్ధ తీసుకుంటుంటే అది పనిచేయడం లేదని చెప్పడం కృతఘ్నతలా తోచింది. అందరికీ మేలు చేసేది నాకు చేయడం లేదంటే లోపం నాలోనే ఉండి ఉంటుందనుకున్నాను. బాగుపడుతున్న మనిషిగా కనబడాలని కూడా ఉండేది. వారం వారం ప్రశ్నపత్రంలో అంకెలు తగ్గించి వేశాను. ఆమె ఆ కాగితాలు చూసి నిజంగా సంతోషించేవారు. ఆ సంతోషాన్ని పాడు చేయకూడదని తర్వాతి వారం ఇంకో రెండు తగ్గించేదాన్ని. ఏడో వారం దాకా అలా నటించి, ఎనిమిదో వారం వెళ్లలేదు. ఫోన్ చేసి చెప్పనైనా లేదు. థెరపీ కూడా పనిచేయనంత పాడైపోయిన మనిషిననే నిర్ధారణకు వచ్చి, తొమ్మిదేళ్లు మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. ఆ తొమ్మిదేళ్లలో నీ బారసాల అయింది, నీకు మాటలు వచ్చాయి, నువ్వు బడికి వెళ్లావు. రాత్రి ప్రయాణం చేయవలసి వస్తుందని అందులో చాలావాటికి నేను రాలేదు. పెద్దమ్మకు పనులెక్కువని నీకు చెప్పేవారు. అది నిజం కాదు.

2003లో వెళ్లిన రెండో ఆవిడ అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి, "ఇంతకు ముందు ఎక్కడికైనా వెళ్లారా, అక్కడ మీకు సరిపడనిదేమైనా ఉందా?" అని. ఎలా వచ్చిందో తెలియదు గాని, కళ్లు మూసుకోవడం అన్నాను. "అయితే తెరిచే ఉంచండి. తలుపు కనిపించేలా కుర్చీ జరుపుకోండి" అన్నారావిడ, అదేమంత విశేషం కాదన్నట్టు. నేను కుర్చీ జరుపుకుని ఆ పూటంతా ఏడ్చాను. ట్రామా ఉన్నవారిలో కొందరికి విశ్రాంతి కోసం చేయించే అభ్యాసాలే భయాన్ని రేపుతాయని, అటువంటివారికి కళ్లు తెరిచి, చుట్టూ ఉన్న వస్తువులను చూస్తూ, వాటి పేర్లు చెప్పుకుంటూ, పాదాల కింద నేలను గమనిస్తూ ప్రస్తుతంలోకి రావడం నేర్పుతారని అప్పుడు తెలిసింది. దాన్ని గ్రౌండింగ్ అంటారు. మొదటి కౌన్సెలర్‌ను నేను తప్పుపట్టను. నా మొహం చూసి ఆమె కనిపెట్టి ఉండవలసిందని ఒకప్పుడు కోపం ఉండేది; కాని నేను అంత బాగా నటించాను.

కాబట్టి సుధా, నేను మందలిస్తున్నాననుకున్నా సరే, ఈ మూడు మాటలు మంగళవారం లోపు అద్దం ముందు నిలబడి పైకి అని చూడు: "ఆగండి." "ఇది నాకు సరిపడటం లేదు." "ఇవాళ దాని గురించి మాట్లాడలేను." నీ నోటికి అలవాటు లేని మాటలు ఇవి. నోరు పెగలని సమయంలో ఆపమని తెలపడానికి చెయ్యెత్తడం వంటి సైగ ఒకటి ముందే కుదుర్చుకో. ట్రామా చికిత్సలో అది మామూలు పద్ధతే. ప్రశ్నపత్రంలో ఉన్నది ఉన్నట్టు రాయి. అంకె పెరిగితే వారు నొచ్చుకోరు, చేసే పని మారుస్తారు. థెరపిస్టు మీద కోపం వచ్చినా, వారి మాట గుచ్చుకున్నా, అదే గదిలో వారితోనే చెప్పు. అలా చెప్పి, విని, సర్దుకున్న రోజుల తర్వాతే నాకు అక్కడ నిజం మాట్లాడటం సులువైంది.

ఇక చికిత్స ఎలా నడుస్తుందన్నది. జ్యూడిత్ హెర్మన్ అనే మానసిక వైద్యురాలు 1992లో వివరించిన మూడు దశల క్రమాన్ని ఇప్పటికీ చాలామంది పాటిస్తారు: ముందు భద్రత, ఆ తర్వాత జరిగినదాన్ని తలచుకుని దుఃఖించడం, ఆ పైన మళ్లీ మనుషుల్లో కలవడం. అందుకని మొదటి కొన్ని వారాలు అసలు విషయం ఎత్తకుండా నిద్ర గురించి, జరిగినది మళ్లీ కళ్లముందే జరుగుతున్నట్టు అనిపించే ఫ్లాష్‌బ్యాక్ వచ్చినప్పుడు ఏం చేయాలన్నదాని గురించి మాట్లాడుతుంటే కాలం వృథా అవుతోందని విసుక్కోకు. జ్ఞాపకం దగ్గరికి వెళ్లాక పద్ధతులు వేరువేరుగా ఉంటాయి. కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ సాధారణంగా 12 సెషన్లు. "నా వల్లే జరిగింది" వంటి నమ్మకాలను కాగితం మీద పెట్టి పరిశీలింపజేస్తారు. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అనే పద్ధతిలో జరిగినదాన్ని ఇప్పుడే జరుగుతున్నట్టు పైకి చెప్పించి, దాన్ని రికార్డు చేసి ఇంట్లో వినమంటారు. ఆ సెషన్ గంటన్నర దాకా సాగుతుంది. అందులో సాధారణంగా కళ్లు మూసుకునే చెప్పమంటారు, కష్టమైతే తెరిచి చెప్పవచ్చా అని అడుగు. నాకు జరిగింది ఈఎండీఆర్. 1987లో ఫ్రాన్సీన్ షపీరో అనే మనస్తత్వవేత్త మొదలుపెట్టిన పద్ధతి అది. జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని థెరపిస్టు వేళ్లు అటూ ఇటూ కదులుతుంటే చూపుతో అనుసరించాలి. ప్రతి వివరమూ నోటితో చెప్పనక్కరలేదన్నది నన్ను ఆకట్టుకుంది. మొదట్లో మంత్రతంత్రంలా అనిపించి నమ్మకం కుదరలేదు గాని, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో సిఫారసు చేసిన చికిత్సల్లో అదీ ఒకటి. నీకు ఏది తగునో నేను చెప్పలేను. ఏ పద్ధతిని ఎందుకు ఎంచుకున్నారో నీకు అర్థమయ్యేలా చెప్పించుకో.

కొన్ని రోజుల్లో నయం చేస్తానని మాట ఇచ్చేవారినీ, నీకు గుర్తులేనిదేదో చిన్నప్పుడు జరిగి ఉంటుందని నీ నోట పలికించజూసేవారినీ, బయట స్నేహానికి చేయి చాచేవారినీ వదిలి వచ్చేయి. మందుల విషయం సైకియాట్రిస్టుతో మాట్లాడు. వాడుతున్నవి ఉంటే నీ అంతట నువ్వు ఆపకు.

జ్ఞాపకం కదిలించిన రోజు సెషన్ ముగిశాక ఒళ్లంతా అలసిపోతుంది. ఒకటి రెండు రోజులు పీడకలలు ఎక్కువ కావచ్చు, చిన్నదానికే చిరాకు రావచ్చు. దానికి భయపడి మానేయకు, తర్వాతిసారి చెప్పు. రోజులు గడిచే కొద్దీ తగ్గకుండా పెరుగుతూ పోతుంటే, లేదా బతకాలనిపించని ఆలోచన వస్తే, వచ్చే వారం దాకా ఆగవద్దు, వెంటనే సహాయం అడుగు. సెషన్ల మధ్య ఎవరికి ఫోన్ చేయాలో మొదటి రోజే రాసుకుని పర్సులో పెట్టుకో. ఇంకో మాట, గది బయటికి రాగానే బండి నడపకు. కనీసం అరగంట ఎక్కడైనా కూర్చో, కొంచెం నడువు, నీళ్లు తాగు, చేతుల వణుకు తగ్గాక బయలుదేరు. వీలైతే ఆ రోజు నువ్వు బండి నడపకుండా వెళ్లు. ఈ మాట నేను నా భయం కొద్దీ అంటున్నానని నీకు తెలుస్తుంది. అయినా విను.

దేనికోసం ఇంత బాధ పడాలని మధ్యలో అనిపిస్తుంది. నాకు పదకొండో సెషన్‌లోనో పన్నెండో సెషన్‌లోనో ఒక సంగతి జరిగింది. ఇరవై ఏళ్లుగా నా స్నేహితురాలు అనగానే ఆ మూలుగే వినిపించేది. ఆ రోజు ఇంటికి వస్తుంటే ఉన్నట్టుండి తన నవ్వు గుర్తుకొచ్చింది; నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది, అదీ గుర్తుకొచ్చింది. ఆ నవ్వు నాకు అంతకాలం ఎక్కడికి పోయిందో తెలియదు. మూలుగు ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది. వచ్చి వెళ్తుంది.

మంగళవారం సాయంత్రం నేను ఫోన్ దగ్గరే ఉంటాను. లోపల ఏం మాట్లాడారని అడగను. ఇంటికి చేరానని ఒక్క మాట చెప్పి పెట్టేసినా చాలు. ఏమీ మాట్లాడకుండా ఫోన్ పట్టుకుని కూర్చోవాలనిపిస్తే ఎంతసేపైనా కూర్చో, నేను ఇవతల ఉంటాను. "బాగానే ఉంది పెద్దమ్మా" అని మాత్రం, బాగుంటేనే అను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ